మూడు కొరుకుల తిప్పక్క

అనగనగా అంటే ఎంత అనగా? మా అవ్వకు వాళ్ళవ్వ చెప్పిందట. ఆ అవ్వకు ఇంకో అవ్వ చెప్పిందట. ఆ అవ్వను అడిగితే "నేనూ విన్నదే నాయనా, చూసింది కాదు" అందట. అంత అనగా.

అంత వెనకటి రోజుల్లో ఎర్రగుట్టల నడుమ సుద్దపల్లె అని ఒక ఊరుండేది. ఊళ్ళో ఇళ్ళు కొన్ని. ఇళ్ళకంటే మేకలెక్కువ. మేకలకంటే గాలెక్కువ. పొద్దున లేస్తే గాలి, పొద్దెక్కితే గాలి, పొద్దు వాలితే గాలి. ఆ ఊరి మగవాళ్ళు తలగుడ్డ చుట్టుకోవాలంటే గోడ చాటుకు పోవాల్సిందే.

ఆ ఊరి మేకలు మేపేది తిప్పక్క. ఆమెకు మొగుడు లేడు, పిల్లలు లేరు. తనదని చెప్పుకోవడానికి ఒక్క మేక కూడా లేదు. ఒక కర్ర, ఒక గొంగడి, నీళ్ళకు ఒక సొరబుర్ర. అంతే ఆమె సంసారం. పొద్దున్నే వీధి మొదట్లో నిలబడి "హుర్ర్... రా!" అని ఒక్క కేక వేస్తే ప్రతి ఇంట్లోంచీ మేకలు బయటికి దూకేవి. సాయంత్రం ఎవరి మేకలు వాళ్ళ దొడ్లోకి దూరేవి. రోజుకో ఇంటివాళ్ళు వంతు వేసుకుని తిప్పక్కకు సంగటి ముద్ద పెట్టేవాళ్ళు. ముద్ద పెద్దదైతే "చాలు తల్లీ" అనేది. చిన్నదైనా "చాలు తల్లీ" అనేది. ఆమె నోట ఇంకో మాట ఎవరూ ఎరగరు.

తిప్పక్కకు ఒక అలవాటుండేది. మేకల్ని ఏ చెట్టు దగ్గరికి తోలినా ముందు తానొక ఆకు తుంచి నోట్లో వేసుకునేది. నమిలేది. కాసేపు ఆలోచించేది. అప్పుడు "ఊఁ, తినండి" అనేది.

చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు. "ఏం తిప్పక్కా, సంగటి చాలకపోతే చెప్పు, ఇంకో ముద్ద పెడతాం. మేకలతో పోటీ ఏల నీకు?"

"చాలు తల్లీ" అనేది తిప్పక్క.

ఈ అలవాటు ఆమెకు నేర్పింది మనిషి కాదు, మేక. ఆ మేక పేరు బొల్లి. ఊరి చివరింటి సాకమ్మది. సాకమ్మకున్నది ఆ ఒక్క మేకే. బొల్లి ముసలిదే గానీ మందలో అన్నిటికంటే నిగనిగలాడేది, అన్నిటికంటే ఎక్కువ పాలిచ్చేది. అది మేసే తీరు వేరు. చెట్టు దగ్గరికి పోయేది. మూడు కొరుకులు కొరికేది. ముందుకు నడిచేది. ఇంకో చెట్టు, మూడు కొరుకులు, ముందుకు. ఎప్పుడు చూసినా గాలికి ఎదురుగానే నడిచేది. చెట్టు నిండా ఆకులున్నా నాలుగో కొరుకు కొరికేది కాదు.

"ఏమే ముసలీ, ఎవరు తరుముతున్నారే నిన్ను?" అని తిప్పక్క ఒకరోజు బొల్లినే అడిగింది. బొల్లి చెవులాడించి ముందుకు పోయింది.

సరే, మేక చెప్పకపోతే చెట్టునే అడుగుదాం అనుకుంది తిప్పక్క.

మొదటి రోజు, ఒక తుమ్మచెట్టు కింద కూర్చుంది. మేకలు రాకముందు ఆకు నమిలింది. చప్పగా, పచ్చిగా బాగుంది. మేకలు వచ్చి కరకరా మేశాయి. కాసేపయ్యాక అదే చెట్టు ఆకు ఇంకొకటి నమిలింది. నోరంతా వగరు. నాలుక పిడచ కట్టుకుపోయింది.

రెండో రోజు, గాలి పోయే వైపు ఉన్న పక్క చెట్టుకు పోయింది. ఆ చెట్టును ఏ మేకా ముట్టలేదు. అయినా ఆకు వగరే.

మూడో రోజు, గాలి వచ్చే వైపు ఉన్న చెట్టుకు పోయింది. దాన్నీ ఏ మేకా ముట్టలేదు. ఆకు చప్పగా, పచ్చిగా, బాగుంది.

తిప్పక్క కర్ర ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. అప్పుడు ఆమెకు తెలిసింది.

"మొదటి కొరుకుకు చెట్టు ఏమీ అనదు. రెండో కొరుకుకు 'ఏందబ్బా ఇది' అనుకుంటుంది. మూడో కొరుకుకు మేలుకుంటుంది. మేలుకుని ఆకుల్లోకి వగరు దింపుతుంది. అంతటితో ఊరుకోదు. 'మేకలొచ్చినాయి, పదిలం' అని గాలితో కబురంపుతుంది. గాలి ఎటు పోతే కబురు అటే పోతుంది. ఎదురున్న చెట్టుకు ఆ కబురు చేరదు. ఓసి బొల్లీ, ఎంత గట్టిదానివే!"

ఆనాటి నుంచి తిప్పక్క మేపేతీరే మారిపోయింది. పొద్దున్నే ఊరు దాటగానే జిల్లేడుకాయ చీల్చి పిడికెడు దూది గాలికి వదిలేది. దూది ఎటు ఎగిరిపోతే దానికి ఎదురుగా మందను మళ్ళించేది. చెట్టు దగ్గర నిలబడి "మూడు కొరుకులు... ముందుకు!" అని పాటలాగా కేకేసేది. మొండికేసి నిలబడ్డ మేకను కర్రతో మెల్లగా తోసేది. ఎండలు ముదిరిన రోజుల్లో చెట్టు మొదలుకు చెవి ఆనించి వినేది. కొన్ని చెట్లలో సన్నగా టిక్కుటిక్కుమని ఏదో పగులుతున్నట్టు వినిపించేదట ఆమెకు. "ఇది దప్పికతో ఉంది పాపం, దీన్ని వదిలేద్దాం" అని దాటి పోయేది.

మేకలు బాగా పెరిగాయి. పాలు బాగా వచ్చాయి. ఎందుకు బాగున్నాయని ఎవరూ అడగలేదు. బాగున్నదాన్ని ఎవరు అడుగుతారు?

అట్లా ఉండగా కరువొచ్చింది.

మొదటి ఏడు వాన ఆలస్యమైంది. రెండో ఏడు వాన మోసం చేసింది. మూడో ఏడు వాన మొహమే చూపించలేదు. వంకలు ఎండిపోయాయి. గుట్టల మీద జింకలు, కుందేళ్ళు కనపడకుండా పోయాయి. వాటితో బతికే తోడేళ్ళు ఊరి దారి పట్టాయి. ఒకరోజు ఒక మేకను ఎత్తుకుపోయాయి. మర్నాడు రెండింటిని. ఆ మర్నాడు మూడింటిని. తిప్పక్క కర్ర ఎత్తి వెంటపడితే ఆమె గొంగడి కూడా చింపి పోయాయి.

ఊరికి పెద్ద బయపరెడ్డి. మంచివాడే. ఆకలైనవాడు ఇంటిముందుకొస్తే అన్నం పెట్టకుండా పంపేవాడు కాదు. అయితే ఒకసారి నిలువుగా తలూపితే మళ్ళీ అడ్డంగా ఊపడం చేతకాని మనిషి. ఆయన ఊరందరినీ పిలిచి చెప్పాడు.

"సుద్దవంక దిగువన తుమ్మతోపుంది. ఈ కరువులో కూడా అదొక్కటే పచ్చగా ఉంది. దాని చుట్టూ ముళ్ళకంప వేద్దాం. మేకలన్నిటినీ లోపలికి తోలి దారి మూసేద్దాం. తోడేలు లోపలికి రాదు. మేక బయటికి పోదు. మేత ముందరే ఉంటుంది. ఏమంటారు?"

"బాగుంది, బాగుంది, చాలా బాగుంది" అన్నారు అందరూ.

తిప్పక్క నోట ఇంకో మాట ఎవరూ ఎరగరని చెప్పాను కదా. ఆరోజు విన్నారు.

"వద్దు సామీ" అంది తిప్పక్క.

అందరూ వెనక్కి తిరిగి చూశారు. బయపరెడ్డి కూడా వింతగా చూశాడు. "ఏం తిప్పక్కా, ఏం వద్దు?"

"ఒక్కచోట మూసి మేపొద్దు సామీ. చెట్లు వగరెక్కుతాయి. ఒక చెట్టు ఇంకో చెట్టుకు చెప్పుకుంటుంది. నాలుగు దినాల్లో తోపంతా ఒక్కటైపోతుంది. ఆ ఆకు తింటే మేకలు బతకవు."

"చెట్టు చెట్టుకు చెబుతుందా? ఏ నోటితో?"

"గాలే దాని నోరు సామీ."

"మరి చెవులో?"

"చెవులు నాకూ కనపడలేదు. నమిలే చప్పుడు మాత్రం దానికి తెలుస్తాది."

ఊరంతా గొల్లున నవ్వింది. బయపరెడ్డి నవ్వలేదు గానీ మీసం కింద పెదవి వణికింది. "చూడు తిప్పక్కా, నీకు వయసైంది. తోడేళ్ళతో పోట్లాడి అలిసిపోయినావు. ఇంట్లో కూర్చో. నీ ముద్ద నీకొస్తుంది. దానికేం లోటు రాదు."

తిప్పక్క సాకమ్మ దగ్గరికి పోయింది. "సాకమ్మా, నీ బొల్లినొక్కదాన్ని నాతో పంపు. నేను చూసుకుంటా."

సాకమ్మ ఒళ్ళో మనవరాలుంది. కోడలికి పాలు పడలేదు. ఆ పసిదానికి బొల్లి పాలే ఆధారం. "యాడన్నా అవుతుందా అక్కా? తోడేలు పట్టుకుంటే నా బిడ్డకు ఎవరు పాలిస్తారు? అన్నిటితో పాటే అదీ" అంది. ఆమె మాటలోనూ న్యాయముంది.

కంప వేశారు. మేకల్ని లోపలికి తోలారు. దారి మూసేశారు.

మొదటి వారం అంతా బాగుంది. మేకలు కడుపు నిండా మేసి పడుకున్నాయి. కావలివాళ్ళు కంప బయట నీడలో పులిజూదం ఆడుకున్నారు. తోడేళ్ళు వచ్చాయి, చుట్టూ తిరిగాయి, కంప చూసి వెళ్ళిపోయాయి. బయపరెడ్డి మీసం మెలేశాడు. "ఏం తిప్పక్కా, చెట్లు ఏమంటున్నాయి?" అని దారిన పోతూ అడిగాడు. పెట్టిన ముద్ద తినడానికి తిప్పక్కకు మనసొప్పలేదు. పని చెయ్యకుండా తినడం ఆమెకు అలవాటు లేదు. సగం తిని సగం కాకులకు వేసేది.

రెండో వారం మేకలు ముందు కాళ్ళు ఎత్తి పై కొమ్మలు అందుకోవడం మొదలుపెట్టాయి. తిన్నాయి, తిన్నాయి, అయినా డొక్కలు బిగుసుకున్నాయి. ఒక్క బొల్లి మాత్రం తినడం మానేసింది. పడమటి దిక్కు కంప దగ్గర నిలబడింది. ముట్టె కంపలో పెట్టి, గాలి వచ్చే వైపు చూస్తూ అట్లాగే ఉండిపోయింది.

మూడో వారం చావులు మొదలయ్యాయి. ఒకరోజు ఒకటి. మర్నాడు మూడు. ఆ మర్నాడు తొమ్మిది. కడుపు ఉబ్బి ఉంటుంది, మేక చచ్చి ఉంటుంది. కడుపులో మేత ఉండగా మేక ఎట్లా చస్తుంది? ఎవరికీ అర్థం కాలేదు.

వేపాకు, పసుపు నూరి తాగించారు. చావులు ఆగలేదు. వాతలు పెట్టారు. చావులు ఆగలేదు. గంగమ్మకు చద్ది పోసి ఊరంతా మొక్కుకున్నారు. అయినా చావులు ఆగలేదు.

బొల్లి పాలు ఎండిపోయాయి. సాకమ్మ పసిదాన్ని చంకన వేసుకుని నేరుగా తిప్పక్క గుడిసె ముందుకొచ్చింది.

"నువ్వే! నువ్వే అన్నావు, మేకలు బతకవని. నీ నోటి మాటే తగిలింది. నీకు మేకలూ లేవు, బిడ్డలూ లేరు. మాకున్నవి చూసి ఓర్వలేకపోయినావు!"

తిప్పక్క పసిదాని వైపు చూసింది. అది ఏడ్వడానికి కూడా ఓపిక లేక వేలు చప్పరించుకుంటోంది. సాకమ్మ వెళ్ళిపోయాక తిప్పక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమె ఏడవడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఆరోజు కూడా ఎవరూ చూడలేదు.

అయితే చచ్చిన మేకల్ని చూసినవాడు ఒకడున్నాడు. అతను ఎర్రెన్న. ఊరికి తోళ్ళ పని చేసేవాడు. ఊళ్ళో చెప్పులు, బావి నీళ్ళు తోడే మోట బానలు, తప్పెటలు అన్నీ అతని చేతివే. చచ్చిన మేకల్ని ఈడ్చుకుపోయి తోలు తీసేటప్పుడు ఒకదాని కడుపు కోసి చూశాడు. చూసి ఉలిక్కిపడ్డాడు. రెండోది కోశాడు. మూడోది కోశాడు. కత్తి కింద పెట్టి తిప్పక్క దగ్గరికొచ్చాడు.

"అక్కా, నువ్వు ఆరోజు వగరు అన్నావే, అది ఎట్లాంటి వగరు?"

"నాలుకను పట్టి బిగించేది ఎర్రెన్నా."

"తుమ్మచెక్క వేసి తోళ్ళు నానబెడతానే, నా తొట్టిలో నీళ్ళ మాదిరా?"

తిప్పక్క కళ్ళు పెద్దవయ్యాయి. "అదే. సరిగ్గా అదే."

"రా అక్కా, రెడ్డి దగ్గరికి పోదాం" అన్నాడు ఎర్రెన్న.

ఇద్దరూ పోయారు. బయపరెడ్డి అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. ఎర్రెన్న వాకిట్లో నిలబడి గట్టిగానే చెప్పాడు.

"సామీ, మేకలకు రోగం లేదు. కడుపు నిండా ఆకుంది. మింగిన ఆకు మింగినట్టే ఉంది. ఒక్కటీ అరగలేదు. నా తొట్టి నీళ్ళు ఎట్లుంటాయో మేక కడుపులో అట్లుంది. తోలు గట్టిపడేది ఆ నీళ్ళతోనే. కడుపు గట్టిపడితే మేక ఎట్లా బతుకుతుంది?"

బయపరెడ్డి తలెత్తి తిప్పక్క వైపు చూశాడు. "నీ మాట నిజమని నాకెట్లా తెలిసేది తిప్పక్కా?"

"నా మాట వద్దు సామీ. నీ నాలుకనే అడుగు. మూడు ఆకులు నమలాల. అంతే."

ఊరంతా వెంట నడిచింది. ఆరోజు గాలి పడమటి నుంచి తూర్పుకు కొడుతోంది. తిప్పక్క జిల్లేడు దూది వదిలి అందరికీ చూపించింది. తర్వాత కంప లోపలి చెట్టు నుంచి ఒక ఆకు తెంపి రెడ్డి చేతికిచ్చింది.

రెడ్డి నమిలాడు. ఆయన మొహం ఎండిన ఉసిరికాయలాగా ముడుచుకుపోయింది. నాలుక అంగిలికి అతుక్కుపోయి మాట రాలేదు. చెంబెడు నీళ్ళు పోస్తే గానీ తేరుకోలేదు.

"ఇది మేకలు తిన్న చెట్టు" అంది తిప్పక్క. "ఇప్పుడు రా."

కంప దాటి తూర్పు వైపు నడిచింది. అక్కడ ఒంటిగా ఒక తుమ్మచెట్టుంది. దాన్నుంచి ఆకు తెంపిచ్చింది. రెడ్డి నమిలి తుపుక్కున ఉమ్మేశాడు.

"ఇదీ అంతే! కానీ ఇది కంప బయట ఉందే. దీన్ని ఏ మేకా ముట్టలేదే!"

"మేక ముట్టలేదు సామీ. కబురు ముట్టింది."

ఎవరూ నవ్వలేదు.

తిప్పక్క పడమటికి తిరిగింది. వంక దాటి, గాలికి ఎదురుగా, బారెడు బారెడు అడుగులేసుకుంటూ పోయింది. గాలి ఎదురు కొట్టి అందరి కళ్ళల్లో దుమ్ము పడుతోంది. గుట్ట కింద సగం ఎండిన తుమ్మలు నాలుగైదు ఉన్నాయి. ఒక చెట్టు మొదలుకు చెవి ఆనించింది. వద్దని తలాడించింది. ఇంకో చెట్టుకు ఆనించింది. దాని ఆకు తెంపిచ్చింది.

రెడ్డి భయం భయంగా నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఇంకోసారి నమిలాడు. ఉమ్మలేదు. మింగేశాడు.

"చప్పగా ఉంది" అన్నాడు మెల్లగా. "పచ్చిగా... బాగుంది."

వెనక్కి తిరిగి తోపు దాకా నడిచాడు. ఒకసారి నిలువుగా ఊపిన తలను ఆయన జన్మలో మొదటిసారి అడ్డంగా ఊపాడు. "నాది తప్పు" అన్నాడు. "కంప తీసేయండి." అని ఊరుకోలేదు. మొదటి కంప తానే పట్టి లాగాడు. చేతులు గీరుకుపోయి నెత్తురొచ్చినా వదల్లేదు.

"తోడేళ్ళ సంగతేంది?" అని ఎవరో అడిగారు.

"ఊరంతా నడిస్తే తోడేలుకు సందు యాడుంది?" అంది తిప్పక్క.

"తప్పెట కొడతా. ఆ చప్పుడుకు దగ్గరికి రావు" అన్నాడు ఎర్రెన్న. అని, అనుమానంగా తిప్పక్కను చూశాడు. "అక్కా, తప్పెట మోతకు చెట్లకు కోపం రాదు కదా?"

తిప్పక్క నవ్వింది. "కొట్టుకో నాయనా. గాలి ఎంత మోత చేసినా చెట్టు పట్టించుకుంటుందా? దాని ఆకును నమిలితేనే దానికి పట్టేది."

మేకలు బయటికొచ్చాయి. నడవగలిగినవి నడిచాయి. బొల్లి నడవలేకపోయింది. పడమటి కంప దగ్గరే కూలబడి ఉంది. తిప్పక్క వంగి దాని నాలుగు కాళ్ళూ పట్టుకుని భుజాల మీదికి ఎత్తుకుంది. తన బరువే మోయలేని మనిషి ఆ మేకను మోసుకుంటూ వంక దాటింది. గుట్ట కింద దించి, రెమ్మ వంచి నోటి ముందు పెట్టింది.

బొల్లి వాసన చూసింది. ఒక కొరుకు కొరికింది. ఆగింది. రెండో కొరుకు. ఆగింది. మూడో కొరుకు. అప్పుడు ముందు కాళ్ళు ఊని లేచి నిలబడింది.

"మూడు కొరుకులు..." అంది తిప్పక్క.

"ముందుకు!" అంది ఊరంతా.

అట్లా నడిచారు. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు, వాన పడేదాకా నడిచారు. ముందు దూది, వెనక బొల్లి, దాని వెనక మంద, మంద చుట్టూ ఊరు. ఎన్నడూ మేక వెనక నడవని రెడ్లు నడిచారు. గాజులు గలగలమంటూ కొత్త కోడళ్ళు నడిచారు. ఎర్రెన్న తప్పెట మోగుతుంటే తోడేళ్ళు గుట్ట మీద నిలబడి చూసి వెనక్కి పోయాయి. చెట్టు దగ్గర మూడు కొరుకులు, ముందుకు. దప్పికతో ఉన్న చెట్టును ముట్టుకోకుండా ముందుకు. అరవై మేకలు పోయాయి కానీ అరవై ఒకటోది పోలేదు.

తొమ్మిదో రోజున బొల్లి పొదుగు తడిసింది. సాకమ్మ గిద్దెడు పాలు పిండి, అన్నాళ్ళూ గంజినీళ్ళతో బతికిన పసిదానికి పట్టింది. మర్నాడు మధ్యాహ్నం నెత్తిన గంప పెట్టుకుని మంద దగ్గరికొచ్చింది. గంపలో సంగటి, నంజుకోవడానికి చెనిక్కాయలు నూరిన ఊరిబిండి. తిప్పక్క ముందు పెట్టి నిలబడింది. క్షమించమని అడగడం ఆమెకు చేతకాలేదు.

"తిను అక్కా" అంది. "చాలు తల్లీ అనొద్దు. అంతా తిను."

తిప్పక్క అంతా తినింది. తిని చెయ్యి కడుక్కుని "బిడ్డ ఏడుస్తుందా ఇప్పుడు?" అని అడిగింది.

"గుక్క తిప్పుకోకుండా ఏడుస్తుంది అక్కా. ఇల్లు ఎగిరిపోతోంది!" అంది సాకమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు.

నాలుగో ఏడు వాన వచ్చింది. వచ్చీరాగానే మూడు రోజులు కురిసింది. సుద్దవంక పారింది. బయపరెడ్డి తిప్పక్కను ఇంటికి పిలిపించి పీట వేయించాడు.

"తిప్పక్కా, ఊరు నీకు రుణపడింది. రెండెకరాల చేను రాసిస్తా."

"నాకు దున్నడం రాదు సామీ."

"పది మేకలిస్తా. నీ సొంతానికి."

"అన్నీ నావే కదా సామీ."

"మరి ఏం కావాలి? ఏదో ఒకటి అడగాల్సిందే. లేకపోతే నిన్ను ఇక్కడినుంచి లేవనివ్వను."

తిప్పక్క కాలి బొటనవేలితో నేల గీసింది. సిగ్గుపడుతూ అడిగింది.

"ఒక్క పూట సామీ. ఒక్క పూట మేకల్ని ఎవరన్నా చూసుకుంటే, నేను వంకలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటా. నీళ్ళు పారేటప్పుడు ఎప్పుడూ మేకల వెనకే ఉన్నా. ఊరికే కూర్చోవాలని చిన్నప్పటి నుంచి ఆశ."

"ఎవరో ఎందుకు? నేనే చూసుకుంటా" అన్నాడు బయపరెడ్డి.

మర్నాడు పొద్దున్నే రెడ్డి వీధి మొదట్లో నిలబడి "హుర్ర్... రా!" అన్నాడు. మేకలు దొడ్లలోంచి తొంగిచూసి, ఈయనెవరని మళ్ళీ లోపలికి పోయాయి. వాటిని బయటికి లాగేసరికి జాము పొద్దెక్కింది. దూది వదిలాడు, అది ఆయన మీసంలోనే చిక్కుకుంది. నాలుగు మేకలు నాలుగు దిక్కులకు పోయాయి. ఒకటి ఆయన పంచె అంచు నమిలింది. ఆ పూటంతా తిప్పక్క వంకలో మోకాళ్ళ దాకా కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. చేపపిల్లలు వేళ్ళు కొరుకుతుంటే చిన్నపిల్లలాగా నవ్వింది. అట్లాంటి నవ్వు ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు.

తర్వాత ఎన్నో ఏళ్ళు బతికింది తిప్పక్క. బొల్లి పోయింది, బొల్లి కూతురొచ్చింది, కూతురి కూతురొచ్చింది. ఒక సాయంత్రం మంద ఒక్కటే ఇంటికొచ్చింది. ఎవరి మేకలు వాళ్ళ దొడ్లో దూరాయి. వెనక తిప్పక్క రాలేదు. అందరూ వెతుక్కుంటూ పోయారు. గుట్ట కింద తుమ్మచెట్టుకు ఆనుకుని, కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నిద్రపోతున్నట్టే ఉంది. ఏళ్ళ తరబడి ఆ చెట్టుకే ఆనుకునేదేమో, వీపు దగ్గర బెరడు నున్నగా మెరుస్తోంది.

బయపరెడ్డి అప్పటికి ముసలివాడు. ఆ చెట్టు ఆకు ఒకటి తెంపి నోట్లో వేసుకున్నాడు. ఆ నోట్లో ఒక్క పన్నూ లేదు. చిగుళ్ళతో నమిలాడు.

"వగరు లేదు" అన్నాడు. "ఆమె ఆనుకున్నందుకు చెట్టు ఏమీ అనుకోలేదు."

ఆమెకు నా అన్నవాళ్ళు లేరు కదా, కర్మ ఎవరు చేస్తారని ఎవరో అడిగారు. సాకమ్మ మనవరాలు, అప్పటికే పెళ్ళై ఇద్దరు బిడ్డల తల్లి, ముందుకొచ్చింది. "నేను" అంది. ఇంటికో ముద్ద తెచ్చి సమాధి ముందు పెట్టారు. ముద్దలు గుట్టంత అయ్యాయి.

ఇప్పటికీ ఆ గుట్టల సీమలో మేకలవాళ్ళు చెట్టు కనపడగానే ముందు తామొక ఆకు నములుతారు. దూది లేకపోతే పిడికెడు మన్నైనా గాలికి వదిలి చూస్తారు. కూరాకు కోసే ఆడవాళ్ళు ఒక కొమ్మ నుంచి మూడు రెమ్మలు తుంచి పక్క కొమ్మకు పోతారు. ఒకచోట జరిగింది ఇంకోచోట ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతే "మేక ముట్టలేదు, కబురు ముట్టింది" అంటారు.

ఇంకొకటి కూడా ఉంది. ఏటా సుద్దవంక మొదటిసారి పారిన రోజును వాళ్ళు తిప్పక్క పూట అంటారు. ఆ పూట మేకలవాళ్ళు ఎవరూ మేకల వెనక పోరు. చేలున్నవాళ్ళు, పెద్ద పెద్ద మీసాలవాళ్ళు కర్రలు పట్టుకుని పోతారు. మేకలు వాళ్ళ మాట వినవు. వీళ్ళు ఇటు తోలితే అవి అటు పోతాయి. పంచెలు చినుగుతాయి, తలగుడ్డలు ఎగిరిపోతాయి. మేకలవాళ్ళు ఆడా మగా అందరూ వంక గట్టున వరసగా కూర్చుని, నీళ్ళలో కాళ్ళు ఆడిస్తూ, పొట్ట పట్టుకుని నవ్వుతూ అరుస్తారు.

"గాలికి ఎదురు సామీ, గాలికి ఎదురు!"

కథ గుట్టకు, మనం కూటికి.